కడపంక్తిలోని విస్తరి

ఇంజనీరింగు పట్టా చేతబుచ్చుకొని జావా కొలువులకై ఇంటర్వ్యూలకు బయలుదేరు యువతీయువకులు అనొటేషన్ల పేర్లను నామావళివలె వల్లింపగలరు కాని, టెస్టు క్లాసులో చక్కగా ఫలించిన ‘ఇంజెక్ట్’ అను గుర్తు, ఆ టెస్టే ‘న్యూ’ అని పుట్టించిన హెల్పర్ క్లాసులో ఏల నిష్ఫలమై నల్ పాయింటర్ ఎక్సెప్షన్‌గా పరిణమించునని అడిగినంతనే మౌనము దాల్చుచుందురు.

వడ్డించువాడు మనవాడైనచో కడపంక్తిని కూర్చున్నను కొదువలేదని సామెత. కంటైనరు అట్టి మొగమోటము నెరుగదు. తాను వేసిన విస్తరిలోనే వడ్డించును. సర్వరు లోపల ఆర్కిలియన్ అను టెస్టు సాధనముతో నడుచు టెస్టులో, టెస్టు ఆబ్జెక్టు ఫీల్డులను ఆర్కిలియన్ పూనుకొని నింపును. మనము సృష్టించిన హెల్పర్ ఉనికియే దానికి తెలియదు.

తనకు లభించిన సర్వీసును టెస్టు స్వయముగా హెల్పర్ కన్‌స్ట్రక్టరునకు అందించుట అన్నిటికంటె సరళమైన మార్గము. పాతకాలపు పద్ధతియని కొందరు చిన్నచూపు చూతురు. 2004లో డిపెండెన్సీ ఇంజెక్షన్ అను పేరును ప్రచారమునకు తెచ్చిన వ్యాసమున మార్టిన్ ఫౌలర్ కన్‌స్ట్రక్టరు వైపే మొగ్గెను, నా మొగ్గును అటే.

హెల్పర్‌నే బీన్‌గా మార్చి టెస్టులోనికి ఇంజెక్ట్ చేసికొనుట రెండవ మార్గము. అప్పుడు టెస్టుకై ష్రింక్‌రాప్ అను సాధనముతో కట్టు ఆర్కైవులో ఆ క్లాసును చేర్చుట మరువరాదు. అంతకంటె సూక్ష్మమైన చిక్కు స్కోపునందు కలదు: స్కోపు పేర్కొనని బీన్ సాధారణముగా ‘డిపెండెంట్’ అగుటచే, అట్టి సర్వీసు టెస్టునకొక ప్రతి, హెల్పర్‌కొక ప్రతి వేర్వేరుగా పుట్టును గనుక, హెల్పర్ తన సర్వీసు జాబితాలో చేర్చిన వస్తువు టెస్టు సర్వీసులో కానరాక, పంచుకొంటిమను భ్రాంతి మాత్రమే మిగులును. సర్వీసునకు అప్లికేషన్ స్కోపు నిచ్చినచో ఇరువురకు ఒకటే ప్రతి దక్కును. కాని ఒక టెస్టు మిగిల్చిన ఎంగిలి మరియొక టెస్టునకు అంటగలదు.

మూడవ మార్గమొకటి కలదు: 2013 నాటి జావా ఈఈ 7తో వచ్చిన ‘సీడీఐ కరెంట్’ పిలుపుతో కంటైనరునే అడిగి సర్వీసును తెచ్చుకొనవచ్చును. అది దొడ్డిదారి, స్టాటిక్ మెథడుల వంటి చోట్ల తప్పనప్పుడు మాత్రమే వాడదగినది.

ఫీల్డు ఖాళీగా మిగులుటకు మరియొక కారణమును కలదు: 2020లో జకార్తా ఈఈ 9తో ‘జావాఎక్స్’ ప్యాకేజీ పేర్లు ‘జకార్తా’గా మారుటచే, పాత జార్ ప్రాజెక్టులో మిగిలియున్నచో పాత గుర్తు కంపైల్ అగును, కొత్త కంటైనరు దానిని లెక్కింపదు, ఫీల్డు నిశ్శబ్దముగా ఖాళీగానుండును.

వైల్డ్‌ఫ్లై సర్వరుపై ఒక చిన్న ప్రాజెక్టు కట్టి, ఈ తప్పులన్నిటిని మీరే కావలెనని చేసి, లాగ్‌లో వచ్చు పంక్తులను చదివి చూడుడు. ఇంటర్వ్యూలో మొదటి సమాధానము చెప్పగనే, ఏ స్కోపు నిచ్చితిరి, ఏల నిచ్చితిరి అను రెండవ ప్రశ్న రాక తప్పదు.