బాలల బొంత - దానవిధి

కర్ఖేలి స్టేషను ఉమ్రీ, ధర్మాబాదుల నడుమ నున్నది. 1956 వరకు ఆ ప్రాంతము హైదరాబాదు రాష్ట్రములోనిదే. నేడు మహారాష్ట్రలోని నాందేడు జిల్లా. ఆ సరిహద్దున తెలుగువారు బొంత యనుదానినే మరాఠీవారు గోధడీ యందురు. పాత నూలు చీరలు, ధోవతులు పొరలుగా పరచి, పైన రంగుల ముక్కలు చేర్చి దగ్గరదగ్గరగా కుట్టినచో బొంత యగును. బట్టల అంగడిలో మిగిలిన ముక్కలకు బడిపిల్లల చేతులు తోడైనచో అది ధర్మకార్యమునకు ధనము తేగలదు. అయితే ధనము వచ్చినంత మాత్రమున అది దానమగునా?

ఉమాస్వాతి తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయమున విధి, ద్రవ్యము, దాత, పాత్రము అను నాలుగింటిని బట్టి దానఫలము మారునని చెప్పబడినది. ద్రవ్యము సంగతి శ్రావకులకు తెలిసినదే. పట్టుముక్క ఎంత మెరిసినను చేర్చరాదు. పట్టుగూళ్లను పురుగుతో సహా ఉడికించి ఆ దారము తీయుదురు. పాతబట్టను ఉతికి, ఎండవేసి, మడత మడత విప్పి జీవులున్నవేమో చూడవలెను. సాధువులు నిత్యము చేయు పడిలేహణము వంటిదే యిది. పిల్లలకు సూది చేతికిచ్చుటకు ముందే ఈ పాఠము చెప్పవలెను.

ఇక లెక్క. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల బొంతకు ఆరంగుళముల చదరములు 96 కావలెను. కుట్టులోనికి పోవుటకు అన్ని వైపుల అరంగుళము వదలి ఏడంగుళములుగా కత్తిరించవలెను. తరగతిలో 48 మంది యున్నచో తలకు రెండేసి. చిన్నవారు ముక్కలను జతపరచుదురు, పెద్దవారు కుట్టుదురు. పొరలు జరుగకుండ ముందు కచ్చాకుట్టు వేయుట మరువరాదు. వంకర కుట్టును పెద్దలు రాత్రివేళ విప్పి సరిచేయుట కొన్నిచోట్ల ఆచారము. అది తగదు. ఆ వంకరయే బాలుని దానము.

కష్టమంతయు అమ్మకములో నున్నది. 1917 డిసెంబరులో అమెరికాలోని మోడర్న్ ప్రిసిల్లా అను పత్రిక, రొక్కమిచ్చినవారి పేర్లు బొంతపై కుట్టి రెడ్ క్రాసుకు వేయి డాలర్లు కూర్చు ఉపాయము ప్రకటించెను. ఉపాయము మంచిదే, మన సంఘములలోను శిలాఫలకములకు కొదువ లేదు. కాని అతిథిసంవిభాగ వ్రతమునకు చెప్పిన అతిచారములలో పరవ్యపదేశము ఒకటి, అనగా ఒకరి వస్తువును మరియొకరిదని చెప్పుట. మునులకు ఆహారమిచ్చు సందర్భమున చెప్పినదైనను ఇచ్చటను అన్వయించును. కుట్టినది పిల్లలైనప్పుడు బొంతపై షావుకారు పేరేల?

మాత్సర్యము మరియొకటి. బోలీ పెట్టినచో ధర పెరుగును, దానితో పంతమును పెరుగును. పాశ్చాత్యులవలె లాటరీ చీట్లు అమ్ముదమన్నచో సప్తవ్యసనములలో జూదమే మొదటిది. ధర ముందే నిర్ణయించి మొదట వచ్చినవారి కిచ్చుట మేలు. సొమ్ము కొంత తగ్గవచ్చును. వర్తకునికి ఇది కష్టముగనే తోచును.

మూడవది కాలాతిక్రమము. చలి పోయిన పిమ్మట కంబళి ఇచ్చుట వంటిది. జూనులో బడి తెరచినప్పుడు మొదలిడి, చాతుర్మాసమున కుట్టి, దీపావళికి అమ్మినచో ఆ సొమ్ము చలికాలమునకు ముందే పేదలకు అందును. గుడ్డ, దారము, సూదుల ఖర్చు, వచ్చిన రొక్కము, ఇచ్చిన చోటు ఒక చిట్టాలో వ్రాసి, పిల్లలచేతనే కూడిక వేయించి, బడి గోడకు అంటించవలెను.