టేపు విప్పని పార్సిల్

చీడికాడ నుంచి చోడవరం వెళ్లే బస్సులో డిగ్రీ కుర్రాణ్ని పలకరించి ఏ కాలేజీ అని అడగండి. "దూరవిద్యండీ" అన్నాడంటే, పుస్తకాల సంగతి ఎత్తకండి. ఇంట్లో మంచం కింద పార్సిల్ ఉంటుంది, టేపు కూడా విప్పకుండా.

దీన్ని బద్ధకమనడం నాకు నచ్చదు. తెల్లారకముందే లేచి పాలు పితికి, చెరకు కోతకెళ్లేవాడు బద్ధకస్తుడెలా అవుతాడు? కాలేజీలో గంట కొడతారు, హాజరు వేస్తారు, పక్కవాడి నోట్సు చూస్తే గుబులు పుడుతుంది. ఇంటి దగ్గర ఇవేవీ లేవు. పైగా ఫలితం దూరమైనకొద్దీ పనిమీద మనసు నిలవదని, వాయిదా అలవాటు మీద 2007లో పియర్స్ స్టీల్ రాసిన సమీక్ష చెబుతుంది. బెల్లం దిమ్మ సంతకెళ్తే డబ్బులు వెంటనే కనబడతాయి. పట్టా మూడేళ్ల అవతల ఉంది.

పనులవల్ల చదువు ఆగినవాళ్ల కోసమే 1982లో హైదరాబాద్‌లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. దాని మొదటి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డే 1985లో ఇగ్నోకీ (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) మొదటి వైస్ ఛాన్సలర్. ఈ విశ్వవిద్యాలయాలిచ్చిన వెసులుబాటే ఇప్పుడు కాళ్లకు అడ్డం పడుతోంది. మూడేళ్ల డిగ్రీని ఆరేళ్లలో పూర్తిచేయొచ్చంటే, మనం మొదటి మూడేళ్లనూ లెక్కలోంచి తీసేస్తాం!

మన ప్రాంతంలో ఇంకో చిక్కుంది. ఇగ్నో పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో. డిసెంబరంటే గానుగలు మొదలయ్యే రోజులు. పెనం దగ్గర పాకం కలుపుతూ చదువుకున్నవాణ్ని నేనింతవరకు చూడలేదు. కాబట్టి అసైన్‌మెంట్లు దసరాలోపు రాసేయండి. సాధారణంగా మార్కుల్లో 30 శాతం వాటిదే, ఇవ్వకపోతే పరీక్షకే దారుండదు. గడువు పొడిగిస్తారన్న ఆశతో కూర్చుంటే చేతిరాతంతా ఆఖరి రాత్రి మీద పడుతుంది.

"రోజూ చదువుతాను" అని ఒట్టు పెట్టుకోకండి, నిలవదు. ఎప్పుడు, ఎక్కడ అన్నది ముందే తేల్చుకుంటే పని జరిగే అవకాశం పెరుగుతుందని పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు చూపించాయి. పాలకేంద్రంలో పాలు పోసొచ్చి, క్యాను కడిగి బోర్లించగానే అరుగుమీద కూర్చోండి. ఒక్క ప్రశ్న, ఒక్క జవాబు. ఫోను లోపల గూట్లో.

వాయిదా వేస్తే నష్టమూ ఉంది. గ్రూప్-2 లాంటి ఉద్యోగాలకు నోటిఫికేషన్ తేదీ నాటికే డిగ్రీ ఉండాలి. ఒక్క పేపరు మిగిలిందన్నా ఆ దరఖాస్తు చెల్లదు. మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ఎవరికెరుక?

ఈ రోజుకి చదవక్కర్లేదు. మంచం కింద పార్సిల్ బయటకు లాగి, టేపు కోసి, పుస్తకాలు అరుగుమీద పెట్టండి.