బండికి ఏ హంగులు కావాలి?

ఇప్పుడు చాలా ఊళ్లలో చిన్న ట్రాలీ బండ్లు ఉన్నాయి. కూరగాయలు, పాలు, ఎరువులు వాటిలోనే పోతాయి. అప్పు తెచ్చి బండి కొంటారు. కొన్న వారానికే ఇంకో ఖర్చు మొదలవుతుంది. ఏది అవసరం? ఏది దండగ? చదివి తెలుసుకుందాం.

మదనపల్లె దగ్గర ఒక ఊరు. ఒక కుటుంబం టమోటా పండిస్తుంది. మార్కెట్టుకు తోలడానికి పాత ట్రాలీ బండి కొన్నారు. చేతిలో 30,000 రూపాయలు మిగిలాయి.

"అమ్మా, ముందర ఇనుప గార్డు వేయిద్దాం. కమాన్లకు ఇంకో పట్టీ కలిపిద్దాం. పది బాక్సులు ఎక్కువ ఎత్తొచ్చు" అన్నాడు కొడుకు.

"ఉండు నాయనా. ముందు బండి కాగితం చూద్దాం" అంది తల్లి.

ఆర్.సి.లో రెండు బరువులు ఉన్నాయి. ఖాళీ బండి 815 కిలోలు. అన్నీ కలిపి 1,550 కిలోలు దాటకూడదు. తల్లి తీసివేత చేసింది. 735 వచ్చింది. డ్రైవరు, పక్క మనిషి కలిసి 135 కిలోలు. ఇక సరుకుకు మిగిలింది 600 కిలోలు. బాక్సు 25 కిలోలైతే 24 బాక్సులు.

"గార్డు బరువెంత?" అని మేస్త్రీని అడిగింది.

"50 కిలోలుంటుందమ్మా."

"అంటే ప్రతి రోజూ రెండు బాక్సులు తగ్గించుకోవాలి!" అంది తల్లి. కొడుకు మాట్లాడలేదు.

కమాను పట్టీ: పట్టీ కలిపితే కమాను గట్టిపడుతుంది. కానీ బ్రేకులు, ఇరుసు, టైర్లు పాతవే కదా! ఎక్కువ బరువు వేస్తే బ్రేకు వేసినా బండి తొందరగా ఆగదు.

ఇనుప గార్డు: గుద్దితే ఎదుటి మనిషికి దెబ్బ ఎక్కువ తగులుతుంది. గుద్దిన అదురు నేరుగా బండి చట్రానికి పోతుంది. ఇలాంటి గార్డుల మీద చర్య తీసుకోవాలని 2017లో కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది.

లైట్లు: కళ్లు చెదిరే లైట్లు పెడితే ఎదుటి డ్రైవరుకు దారి కనపడదు. వైర్లు కోసి అతుకులు వేస్తే మంటలు రావచ్చు.

చట్టం: 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం బండిని ఇష్టం వచ్చినట్లు మార్చకూడదు. 2019 సవరణ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. బరువు మించితే జరిమానా 20,000 రూపాయలు, దానిపై ఇంకా కలుస్తుంది. మార్పు సంగతి దాచితే బీమా డబ్బు రావడం కూడా కష్టం.

మరి ఏవి కావాలి?
1. మంచి బ్రేకులు, అరగని టైర్లు. కంపెనీ చెప్పిన సైజే వేయించాలి.
2. సరుకు మీద టార్పాలిన్, గట్టి తాళ్లు.
3. రాత్రి మెరిసే పట్టీలు. ముందు తెలుపు, వెనుక ఎరుపు, పక్కల పసుపు.
4. ఒక స్టెప్నీ, మందుల పెట్టె.

టైరు కొనేటప్పుడు దాని పక్కన ఉన్న అంకెలు మీరే చదవండి. చివర 1524 అని ఉంటే 2024లో 15వ వారం తయారైందని అర్థం. పాత సరుకును కొత్తదని అంటగట్టలేరు.

తల్లీకొడుకులు ఆ డబ్బుతో బ్రేకులు బాగు చేయించారు. రెండు టైర్లు మార్చారు. టార్పాలిన్ కొన్నారు. ఇంకా కొంత మిగిలింది. అది అప్పు వాయిదాకు కట్టారు.

లెక్క చేయండి: ఖాళీ బండి 900 కిలోలు. మొత్తం 1,600 కిలోలు దాటకూడదు. ఇద్దరు మనుషులు 125 కిలోలు. 25 కిలోల బాక్సులు ఎన్ని ఎత్తొచ్చు?

మాట్లాడుకోండి: సరుకు బండిలో మనుషులను ఎక్కించడం ఎందుకు ప్రమాదం? మీ ఊరి బండ్లకు ఏ హంగులు ఉన్నాయి? వాటిలో దండగ ఏది?