షేర్ పెట్టిన డ్రైవు నేర్పిన పాఠాలు

పూతలపట్టులో చాలాకాలం ఫొటో స్టూడియో నడిపి, కొడుకు చేతికి అప్పగించినవాణ్ణి. ఇంట్లో కింద ఉన్న కంప్యూటరుకు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు తగిలించి, ఫోల్డర్లు షేర్ పెట్టి, మేడమీద కంప్యూటర్లలో పెళ్లి ఆల్బంలు కూర్చేవాళ్లం. ముహూర్తాల నెలల్లో ఆ ఫోల్డరు తెరుచుకోక ఎన్నో రాత్రులు మేలుకున్నాను. ఇలాంటి ఏర్పాటు పెట్టుకుంటున్న చిన్నవాళ్లకు పనికొస్తాయని ఈ నాలుగు మాటలు.

1. వెతుకులాట మొదటి నుంచి సాగాలి.
కయ్యకు నీళ్లు రాకపోతే మా వైపు రైతు చెరువు తూము దగ్గర మొదలుపెట్టి కాలువ వెంబడి చూసుకుంటూ వస్తాడు. ఇక్కడా అంతే. డ్రైవు తగిలించిన కంప్యూటర్లో ఫైలు తెరుచుకుంటోందో లేదో ముందు చూడు. నేను ఆ పని చేయకుండా రౌటరును ఆఫ్ చేసి ఆన్ చేస్తూ కూర్చునేవాణ్ణి. లోపం చాలాసార్లు కేబుల్లోనే ఉండేది. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీయాంపియర్ల కరెంటే ఇస్తుంది, 3.0 పోర్టు 900 దాకా ఇస్తుంది. విడిగా అడాప్టరు లేని డ్రైవుకు, పైగా పొడుగాటి వైరు మీద, పాత పోర్టు కరెంటు చాలకపోవచ్చు. డ్రైవు మాయమవుతూ మళ్లీ వస్తూ ఉంటే పొట్టి కేబులు వేసి, కంప్యూటరు వెనక పోర్టులో పెట్టి చూడు.

2. డ్రైవు అక్షరం నిలకడగా ఉంటేనే షేర్ నిలుస్తుంది.
ఫలానా డ్రైవులో ఫలానా ఫోల్డరు అని దారితో సహా విండోస్ షేర్‌ను గుర్తుపెట్టుకుంటుంది. కరెంటు పోయి వచ్చేసరికి కెమెరా కార్డు ముందే తగిలించి ఉంటే, నిన్నటిదాకా 'ఈ'గా ఉన్న డ్రైవు 'ఎఫ్'గా మారవచ్చు. డిస్కులో అంతా భద్రంగానే ఉంటుంది, మేడమీద మాత్రం ఏమీ కనబడదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి 'ఎస్' లాంటి చివరి వైపు అక్షరాన్ని దానికి కేటాయించి, కొత్తగా షేర్ పెట్టు.

3. పేరుతో పలకకపోతే అంకెలతో పిలువు.
నెట్‌వర్క్‌లో కంప్యూటరు పేరు కనబడకపోతే దాని ఐపీ అడ్రసు కొట్టు. తెరుచుకుందంటే షేర్ బాగానే ఉంది, పేరు దొరకడంలోనే తేడా. తెరుచుకోకపోతే రెండు కంప్యూటర్ల అడ్రసులూ పక్కపక్కన రాసుకో. ఒకటి 192.168.1తోనూ ఇంకొకటి 192.168.0తోనూ మొదలైతే, మన ఇళ్లలో చాలావరకు అవి వేర్వేరు నెట్‌వర్కులనే అర్థం. ఫైబర్ బాక్సుకు ఇంకో వైఫై రౌటరు తగిలించిన చోట ఇది మామూలే. ఆ రెండోదాన్ని యాక్సెస్ పాయింట్ మోడులో పెడితే అన్నీ ఒకే నెట్‌వర్కులోకి వస్తాయి. విండోస్‌లో మన నెట్‌వర్కు 'పబ్లిక్' అని ఉంటే 'ప్రైవేట్'కు మార్చు. డ్రైవున్న కంప్యూటరుకు రౌటరులోనే ఒక అడ్రసు రిజర్వు చేసి పెట్టు.

4. రెండు అనుమతులుంటే గట్టిదే చెల్లుతుంది.
షేర్‌కు ఇచ్చే అనుమతి ఒకటి, ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవులో ఫోల్డరుకు ఉండే అనుమతి ఇంకొకటి. షేరింగులో 'ఎవ్రీవన్'కు అన్నీ ఇచ్చినా, సెక్యూరిటీ ట్యాబులో చోటు లేకపోతే 'యాక్సెస్ డినైడ్' అనే వస్తుంది. వేరే కంప్యూటర్లో వాడి తెచ్చిన డ్రైవుతో ఈ చిక్కు ఎక్కువ. కంప్యూటరు తెరిచే పిన్ కూడా నెట్‌వర్కులో చెల్లదు, అకౌంటు పాస్‌వర్డే ఇవ్వాలి. ఎఫ్‌ఏటీ32 డ్రైవులో ఫోల్డరు అనుమతుల గొడవ లేదు గానీ, 4 జీబీ దాటిన వీడియో ఫైలును అది తీసుకోదు.

5. విసుగులో తీసిన గడియ మళ్లీ వేయాలని గుర్తుండదు.
పాస్‌వర్డు అడుగుతోందని రక్షణ తీసేయడం, పాత టీవీ బాక్సు కోసం ఎస్‌ఎంబీ1 అనే పాతకాలపు షేరింగ్ పద్ధతిని ఆన్ చేసి వదిలేయడం నేనూ చేశాను. 2017 మే 12న విరుచుకుపడ్డ వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ఆ ఎస్‌ఎంబీ1లోని లోపం గుండానే కంప్యూటరు నుంచి కంప్యూటరుకు పాకింది. మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే విరుగుడు అప్‌డేట్ ఇచ్చినా, వేసుకోనివాళ్లు దొరికిపోయారు. అప్పటి మన చిత్తూరు జిల్లాలో పోలీసుల కంప్యూటర్లు, తిరుమల తిరుపతి దేవస్థానం కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ వార్త చదివాకగానీ మా ఇంట్లో గడియ నేను వేయలేదు. ఇప్పుడు విండోస్ 11 ప్రో 24హెచ్2, పాస్‌వర్డు లేని షేర్‌ను మామూలుగా తెరవదు. అది మన మంచికే. షేర్ కోసం విడిగా ఒక యూజరును, పాస్‌వర్డును పెట్టుకో.

6. పంచుకున్నంత మాత్రాన దాచుకున్నట్టు కాదు.
ఇంకో కంప్యూటరు నుంచి షేర్‌లో చెరిపేసిన ఫైలు రీసైకిల్ బిన్‌లోకి వెళ్లదు. పాత ఫోల్డరనుకుని మేడమీది నుంచి ఒక పెళ్లి ఫొటోలు చెరిపేశాం. ఆల్బం ఇంకా వేయలేదు. మరుసటి ఏడు పెళ్లికూతురి తండ్రి పోయాడు. ముహూర్తం వేళ కూతురి పక్కన ఆయన ఉన్న ఫొటో ఆ ఇంట్లో లేకపోవడానికి కారణం నేనే. అందుకే చెబుతున్నాను నాయనా, షేర్ సరిచేసే ముందే రెండో డ్రైవు కొను. వారానికొకసారి అన్నీ అందులోకి కాపీ చేసి, వైరు పీకి బీరువాలో పెట్టు. ఎదుటివాళ్ల జ్ఞాపకాలు మన చేతిలో ఉన్నంతకాలం ఆ పని మానవద్దు.