ఇంటి కడుగునీరు – ఏటి నురుగు

ఈ సంచికయందు మేము సాధారణముగా చదువును గూర్చియో, క్రమశిక్షణను గూర్చియో, అన్యరాష్ట్రమున మన భాషను నిలుపుకొనుటను గూర్చియో వ్రాయుట వాడుక. ఈ పర్యాయము సబ్బును గూర్చి వ్రాయదలచితిమి. ఇది పరిహాసమునకు చెప్పిన మాట కాదు. ఒక బాలుడు తరగతిలో అడిగిన ప్రశ్నకు మేము ఆనాడు సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. దానిని ఇప్పుడు చెప్పుటకై ఈ వ్యాసము.

నాలుగవ తరగతి పాఠములో ‘కుంకుడుకాయ’ అను మాట వచ్చినది. అర్థము అడుగగా ఒకడు తినెడి పండనెను. మరియొకడు షాంపూ పొట్లము మీది పేరనెను. ఒక్క బాలికకు మాత్రము తెలియును; ఆమె అవ్వ నేటికిని కుంకుళ్లతోనే తల రుద్దుకొనునట. మరునాడు ఆ బాలిక పిడికెడు కాయలు తెచ్చినది. వానిని పగులగొట్టి, గిన్నెలో వేడినీరు పోసి పిసుకగా తెల్లని నురుగు పొంగినది. పిల్లలు చప్పట్లు కొట్టిరి. అంతలో ఏటియొడ్డు పల్లెనుండి వచ్చు బాలుడొకడు లేచి, “అయ్యవారూ! మా యేటిలో పొంగే నురుగు కూడా ఇదేనా?” అని అడిగెను.

హోసూరు ప్రాంతమువారికి ఆ ప్రశ్న ఎక్కడ పుట్టినదో వివరింపనక్కరలేదు. నంది కొండలలో పుట్టిన దక్షిణ పినాకిని బెంగుళూరు పరిసరములను దాటి మన కెలవరపల్లి జలాశయము చేరును. పలు సంవత్సరములుగా, వానలు కురిసి నీరు విడిచినప్పుడెల్ల, ఆనకట్ట దిగువను ఏరు కనబడక నురుగే కనబడుచున్నది. అది మంచుగుట్టలవలె లేచి గాలికి ఎగిరి పొలముల మీదను, దారుల మీదను పడుచున్నది. దూరమునుండి వచ్చినవారు దానిని చూచి ఛాయాచిత్రములు తీసికొందురు. ఆ నీటితో పైరు పండించువారికి మాత్రము అది వేడుక కాదు.

ఈ నురుగు ఎచ్చటనుండి వచ్చుచున్నది? బెంగుళూరునందలి బెళ్లందూరు చెరువు నీరు వర్తూరు చెరువునకును, అచ్చటనుండి పినాకినికిని చేరును. ఆ చెరువులలోనికి నగరపు మురుగునీరు ఎన్నో ఏండ్లు శుద్ధి లేకయే దిగినది. 2015లో బెళ్లందూరు చెరువు మీది నురుగు అంటుకొని మండుట దేశమంతయు చూచినది. 2017 ఫిబ్రవరిలో అచ్చట మరల మంటలు లేచినవి. నీటి మీద నిప్పు పుట్టునని మన పెద్దలు కలలోనైన తలంచి యుండరు.

కర్మాగారముల వ్యర్థములును ఆ యేటిలో కలియుచున్నవి. కాని నురుగునకు ముఖ్యమైన ముడిసరకు ఇండ్లనుండియే వచ్చుచున్నది. అది బట్టలు, గిన్నెలు, తలలు, నేలలు కడిగిన నీరు.

ఇక బాలుని ప్రశ్నకు వత్తము. కుంకుడు నురుగును, డిటర్జెంటు నురుగును ఒకే విధమైన పని చేయును. నూనెజిడ్డు నీటిలో కలియదు. ఒక కొన నీటిని, మరియొక కొన జిడ్డును పట్టుకొను పదార్థము మధ్యవర్తిగా నున్నచో జిడ్డు బట్టను విడిచి నీటితో పోవును. కుంకుడుకాయలో సాపోనిన్ అను పదార్థము ఈ పని చేయును. శాస్త్రజ్ఞులు ఈ చెట్టు జాతికి ‘సపిండస్’ అని పేరు పెట్టిరి. ‘భారతదేశపు సబ్బు’ అని దాని భావము. నూనెను క్షారముతో ఉడికించి చేసిన సబ్బును ఈ పనియే చేయును. పెట్రోలియమునుండి తీసిన పదార్థములతో చేయు డిటర్జెంటును అంతే.

భేదమంతయు పని ముగిసిన పిదప కలదు. కుంకుడు రసమును, సబ్బును నీటిలోని సూక్ష్మజీవులు త్వరగా తినివేయును. రెండవ ప్రపంచయుద్ధానంతరము వ్యాపించిన తొలి డిటర్జెంటులను అవి తినలేకపోయినవి. అందుచేత 1950 ప్రాంతములనుండి ఐరోపా, అమెరికా దేశముల నదులు నురుగులు క్రక్కినవి. 1961లో పశ్చిమ జర్మనీ దీనికై చట్టము చేసెను. 1965 నాటికి అమెరికా కర్మాగారములును సూక్ష్మజీవులు తినగల రకమునకు మారినవి. నేడు మనము వాడు పొడులలో ఎక్కువగా నుండునది ఆ మారిన రకమే.

అట్లైన మన యేటిలో నురుగేల? ఆ సూక్ష్మజీవులకు ప్రాణవాయువు కావలెను. మురుగు నిండిన చెరువులో ప్రాణవాయువుండదు. అందుచేత డిటర్జెంటు విరుగక అడుగు బురదకు అంటి పేరుకొనును. పెద్దవాన వచ్చి బురద కదలినప్పుడు అదంతయు ఒక్కమారుగా పైకి లేచును. బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులు బెళ్లందూరు నురుగునకు చెప్పిన కారణములలో ఇది ముఖ్యమైనది. కొన్ని పొడులలో కలుపు ఫాస్ఫేటులు మరియొక కీడు చేయును. అవి నీటిలో ఎరువువలె పనిచేసి గుర్రపుడెక్కను, నాచును పెంచును. ఆ మొక్కలు కుళ్లినప్పుడు మిగిలిన ప్రాణవాయువును పోవును.

కావున బాలునికి మేము చెప్పవలసిన సమాధానమిది: “నాయనా! రెండును నురుగే. ఒకటి పని చేసి పోవును. రెండవది పోవుటకు తగిన నీరు మనము మిగుల్చలేదు.”

“నగరమువారు చేసిన దానికి మేమేమి చేయగలము?” అని మీరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. మురుగునీటిని శుద్ధిచేయుట ప్రభుత్వముల బాధ్యత. మన ఇంట ఒక చెంచా పొడి తగ్గినంత మాత్రమున కెలవరపల్లి నురుగు ఆగదు. కాని మన ఊరి కాలువ నీరును పల్లమునకే పోవును. పినాకిని మన దగ్గర ఆగునది కాదు. అది కృష్ణగిరి, సాత్తనూరు జలాశయములను నింపి కడలూరు దగ్గర సముద్రము చేరును. ఎగువవారిని తప్పుపట్టు మనము దిగువవారికి ఎగువవారమే గదా!

ఇంటియందు చేయదగిన పనులు కొన్ని చెప్పెదము. ఇవి మేమును మా ఇంట చేసి చూచినవే.

మొదటిది కొలత. నురుగు ఎక్కువైన బట్ట ఎక్కువ తెల్లనగునని మనకొక భ్రమ. బట్టను శుభ్రము చేయునది నురుగు కాదు. అవసరమునకు మించి వేసిన పొడి బట్టలో నిలిచి, దానిని వదలించుటకు మరి రెండు బిందెల నీరు కోరును. పొట్లముపై వ్రాసిన కొలతను చూచి, చేతికి వచ్చినంత గాక చెంచాతో వేయుట మంచిది. మురికిపట్టని బట్టలకు అందులో సగము చాలును. మెడపట్టీలకు, ముంజేతి పట్టీలకు ముందుగా సబ్బుబిళ్ల రుద్ది నానవేసినచో పొడి పని మరింత తగ్గును.

రెండవది నీరు. మన బోరుబావుల నీరు చాలచోట్ల కఠినజలము. అందులోని సున్నము సబ్బుతో కలిసి తెట్టెగట్టి దానిని వ్యర్థము చేయును. వాననీరు మెత్తనిది, కొద్ది సబ్బుతోనే పని జరుగును. తమిళనాడు ప్రభుత్వము 2003లో కట్టడములన్నిటికి వాననీటి సేకరణను నిర్బంధము చేసినది. చాల ఇండ్లలో ఆ గొట్టము నేటికిని కలదు. దాని క్రింద ఒక తొట్టి పెట్టి, మొదటి వాన మురికిని పోనిచ్చి, తరువాతి నీటిని బట్టలకు వాడవచ్చును. తొట్టిపై మూత తప్పక యుండవలెను; లేనిచో దోమలు పుట్టును.

మూడవది గిన్నెలు. ఎంగిలిని, జిడ్డును ముందుగా కొబ్బరిపీచుతో తుడిచి చెత్తలో వేసి, పిమ్మట కడిగినచో సగము సబ్బు మిగులును. బియ్యము కడిగిన నీటిలో గిన్నెలను కొంతసేపు నానవేసినను జిడ్డు వదలును. ఇత్తడి, రాగి పాత్రలకు చింతపండును మించినది లేదు. అందలి పులుపు చిలుమును కరగించును. తోమిన వెంటనే మంచినీటితో కడుగవలెను. కట్టెలపొయ్యి గలవారికి జల్లించిన బూడిద యుండనే యున్నది. అందలి క్షారము జిడ్డును విరుచును. అంటని పూతగల పెనములకు మాత్రము బూడిద తగదు. అంగటి ప్లాస్టిక్ స్పాంజి అరిగిన కొలది సన్నని తునకలై నీటిలో చేరును. పీచు అరిగినచో మన్నగును.

నాలుగవది కుంకుడు. పది కాయలను పగులగొట్టి గింజలు తీసివేసి, వేడినీటిలో రాత్రి నానవేసి, ఉదయము పిసికి వడకట్టవలెను. ఆ రసము తలకు, పట్టుబట్టలకు, ఉన్నికి, బంగారు నగలకు మిక్కిలి మంచిది. రెండు దినములకు మించి నిలువయుండదు. కన్నులలో పడినచో మండును. మట్టిపట్టిన తెల్లని నూలు బట్టలకు ఇది చాలదని ఒప్పుకొనవలెను. వానికి సబ్బే కావలెను. మరియొక మాట. చెట్టునుండి వచ్చినదంతయు నిరపాయమని తలపరాదు. కుంకుడు రసము ఎక్కువైనచో చేపలకు విషము. దానిని చెరువులోనికి నేరుగా వదలక మొక్కల పాదులలో పోయవలెను.

ఐదవది ఒక హెచ్చరిక. మరుగుదొడ్డికి వాడు ఆసిడును బ్లీచింగు పొడితో ఎన్నడును కలుపరాదు. రెండును కలిసినచో క్లోరిన్ అను విషవాయువు పుట్టును. తలుపు మూసిన చిన్నగదిలో అది ప్రాణాపాయము. ఈ ఒక్క మాటను ఇంటిల్లిపాదికి చెప్పి యుంచుడు.

అంగడిలో కొనునప్పుడు ఫాస్ఫేటు లేనిదని పొట్లముపై వ్రాసినదానిని ఎన్నుకొనవచ్చును. కేంద్రప్రభుత్వము 1991లో, పరిసరములకు తక్కువ కీడు చేయు వస్తువులకు ‘ఎకోమార్క్’ అను ముద్రను ఏర్పరచి, దానికి మట్టికుండను గుర్తుగా పెట్టినది. 2024లో దాని నియమములను క్రొత్తగా ప్రకటించినది. ఆ గుర్తుగల సరకులు ఇంకను అరుదు. కొనువారు అడిగిననే గదా అంగడివారు తెత్తురు! ఆకుపచ్చ పొట్లమును, దానిమీది ఆకు బొమ్మను మాత్రము నమ్మవలదు. బొమ్మ వేయుటకు ఖర్చు లేదు.

ఇట్లు వ్రాయుచుండగా మా ఇల్లాలు ఒక ప్రశ్న వేసినది: “కుంకుళ్లు కొట్టేదెవరు? పీచు విడదీసేదెవరు? తొట్టి నింపేదెవరు?” మేము కొంతసేపు మాటలాడలేకపోతిమి. పాతకాలపు అలవాట్లను పొగడుట సులభము. ఆ అలవాట్ల బరువంతయు తల్లుల చేతులమీదనే యుండెడిది. పొట్లము చింపి పోసికొనుట వారికి కొంత విశ్రాంతి నిచ్చినదనుట నిజము. ఆ విశ్రాంతిని మరల లాగికొని ఏటిని బాగుచేయుదమనుట న్యాయము కాదు. కావున మా మనవి తండ్రులకును, మగపిల్లలకును ముఖ్యముగా చెందును. ఆదివారము కాయలు కొట్టుట, ఎవరి పళ్లెమును వారు తుడిచి కడుగుట, బట్టల పొడిని కొలుచుట ఆరవ తరగతి బాలుడు చేయగల పనులు. నాటినుండి మా ఇంట కుంకుళ్లు కొట్టు పని మాదైనది.

చివరగా, భాషా పాఠశాలవారము గనుక భాషను గూర్చి ఒక్క మాట. మనము శీకాయ అనుదానిని తమిళులు శీయక్కాయ్ అనియు, కన్నడిగులు శీగెకాయి అనియు అందురు. కుంకుడును మాత్రము కన్నడిగులు అంటువాళ అనియు, తమిళులు పూందికొట్టై అనియు అందురు. మూడు భాషల నడుమ పెరుగు మన పిల్లలకు మూడు పేర్లును తెలియవలెను. కాని వస్తువు ఇంట లేనప్పుడు ఏ పేరును నిలువదు. కుంకుడు, పీచు, చిలుము, తెట్టె, పాదు అను మాటలను మేము నల్లబల్ల మీద ఎన్నిమార్లు వ్రాసినను పిల్లలకవి పరీక్షకొరకైన మాటలే. మీ ఇంటి పెరటిలో వానిని ముట్టుకొన్ననాడు అవి వారి మాటలగును. మేము బడిలో నేర్పు తెలుగునకు మీ ఇండ్లలో ఆధారముండవలెనని మేము కోరుట ఇందుచేతనే.

ఈ సంవత్సరము బడి ఆవరణలో ఒక కుంకుడు మొక్కను నాటితిమి. అది కాపునకు వచ్చుటకు పలు సంవత్సరములు పట్టును. అప్పటికి మేము ఈ ఉద్యోగమున నుండము. ప్రశ్న అడిగిన బాలుడే దానికి నీరు పోయుచున్నాడు. పిల్లలు చేతులు కడుగుకొను చోటి నీటిని ఆ పాదునకు మరలించితిమి. వచ్చు సంక్రాంతికి ముందు ప్రతి ఇంటివారును ఒక నెలలో ఎంత పొడి, ఎంత సబ్బు ఖర్చయినదో, కొలత పెట్టిన పిదప ఎంత తగ్గినదో పిల్లలచేత లెక్క వ్రాయించి పంపవలెనని కోరుచున్నాము. ఆ లెక్కలను గణితము తరగతిలో చేయింతుము. తగ్గినను, తగ్గకపోయినను ఉన్నది ఉన్నట్లు వ్రాయించుడు. పిల్లలు నేర్చుకొనవలసినది అదియే.