నడకదారి చెప్పే చరిత్ర

ఉద్దేశం

తాము నివసించే ప్రాంతపు చరిత్రను, అక్కడి చెట్టుచేమలను, పశుపక్ష్యాదులను విద్యార్థులు స్వయంగా పరిశీలించి, తమ మాటల్లో రాసుకొనేటట్లు చేయడం ఈ పాఠం ఉద్దేశం. ఇందుకు తిరుపతి నుంచి తిరుమలకు వెళ్లే నడకదారిని ఉదాహరణగా తీసుకోవడం జరిగింది.

పాఠ్యభాగం

చరిత్ర అనగానే మనకు రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు గుర్తుకు వస్తాయి. వన్యప్రాణులు అనగానే పెద్దపులులు, ఏనుగులు, సుదూరారణ్యాలు మనసులో మెదలుతాయి. ఈ రెండూ మన వీధి చివరనే మొదలవుతాయన్న సంగతిని మాత్రం తరచుగా మరచిపోతాం. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత వైద్యానికే కాదు, ఊరికి కూడా వర్తిస్తుంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన యాత్రికుడు ఆశ్చర్యంతో నిలబడి చూసే శిల్పాన్ని ఆ ఊరివాడు నిత్యం చూస్తూ కూడా చూడకుండా సాగిపోతాడు.

ఈ అలవాటును మార్చగల సులభమైన సాధనం నడక. బస్సులో పోయేవానికి ఊరు ఒక దృశ్యంగా కనిపిస్తుంది. నడిచేవానికి అది ఒక గ్రంథంగా తెరుచుకొంటుంది. ఆగడానికి వీలుండటం నడకలోని ప్రధాన ప్రయోజనం. ఆగినప్పుడే మంటపపు స్తంభం మీది గీత అక్షరమని తెలుస్తుంది. ఆగినప్పుడే ఎండుటాకుల చప్పుడు తొండదో, ఉడుతదో తేల్చుకోగలుగుతాం.

ఇందుకు తిరుమల నడకదారి చక్కని ఉదాహరణ. తిరుపతిలోని అలిపిరి నుంచి తిరుమలకు సుమారు 9 కిలోమీటర్ల దూరం. ఈ దారిలో 3,550 మెట్లు ఉన్నాయి. చంద్రగిరి వైపున శ్రీనివాస మంగాపురం సమీపం నుంచి వెళ్లే శ్రీవారి మెట్టు దారి ఇంతకంటే దగ్గర. అందులో 2,388 మెట్లు ఉన్నాయి. 1944లో మొదటి ఘాట్ రోడ్డు ప్రారంభమయ్యే వరకు కొండ చేరడానికి కాలినడకో, డోలీయో తప్ప వేరే మార్గం లేదు. అందుచేత శతాబ్దాల చరిత్ర అంతా ఈ మెట్ల మీదుగానే నడిచింది.

ముందుగా పేర్లను గమనిద్దాం. ఊరిపేర్లు అతి పురాతనమైన శాసనాల వంటివి. అలిపిరి అనే మాట 'అడిప్పుళి' అనే తమిళ పదం నుంచి వచ్చిందని ఒక వివరణ ఉంది. 'అడి' అంటే పాదం, 'పుళి' అంటే చింత. కొండ అడుగున ఉన్న చింతచెట్టు అని దాని భావం. రామానుజాచార్యులు తిరుమలనంబి వద్ద రామాయణ రహస్యాలను అభ్యసించినది ఇక్కడేనని వైష్ణవ సంప్రదాయం చెబుతుంది. ఈ వివరణను అంగీకరిస్తే, నేడు లక్షలాది మంది పలికే ఒక స్థలనామంలో ఒక చెట్టు దాగి ఉన్నదన్నమాట. తమిళ, తెలుగు భాషల సరిహద్దున ఉన్న ఈ నేల స్వభావం కూడా ఆ ఒక్క పేరులోనే తెలుస్తుంది.

దారిలో పైకి పోగా నిటారుగా మెట్లున్న చోటు వస్తుంది. దానిని మోకాళ్ల పర్వతం అంటారు. ఎక్కేవారి శ్రమే ఆ స్థలానికి పేరైంది. తాళ్లపాక అన్నమాచార్యులు (1408–1503) బాల్యంలో తొలిసారి కొండ ఎక్కుతూ, ఈ ప్రాంతంలో అలసి వెదురు పొద నీడన నిద్రించాడని ఆయన మనుమడు చిన్నన్న రచించిన అన్నమాచార్య చరిత్ర తెలుపుతుంది. అలమేలుమంగ అతనికి కలలో కనిపించి, పాదరక్షలు విడిచి కొండ ఎక్కమన్నదట. ఈ కథను భక్తితో విన్నవారు అనేకులు. అందులోని వెదురు పొదను గుర్తించినవారు తక్కువ. ప్రాచీన కావ్యాలు, చరిత్రలు, కీర్తనలు ఒకనాటి అడవికి కూడా సాక్ష్యాలే.

రాళ్ల మీది రాతలు మరొక విధమైన సాక్ష్యాలు. తిరుమల తిరుపతి దేవస్థానం ఆలయాల్లో వెయ్యికి పైగా శాసనాలు లభించాయి. వాటిలో అధిక భాగం తమిళంలోను, మిగిలినవి తెలుగు, కన్నడ, సంస్కృత భాషల్లోను ఉన్నాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వీటిని పరిశోధించి 1930లో ఒక సమగ్ర నివేదికను వెలువరించారు. శ్రీకృష్ణదేవరాయలు 1513 – 1521 సంవత్సరాల మధ్య ఏడుసార్లు తిరుమలను దర్శించిన విషయం శాసనాల వల్లనే మనకు నిర్ధారణగా తెలుస్తున్నది. అయితే శాసనాలలో రాజుల ప్రశస్తి మాత్రమే లేదు. ఏ నైవేద్యానికి ఎంత బియ్యం, ఎంత నెయ్యి కావాలో ఉన్నది. దీపానికి, పూలతోటకు ఎవరు ఏమి ఇచ్చారో ఉన్నది. దాతలు సమర్పించిన ధనంతో ఆలయ గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించి, వాటి వల్ల పెరిగిన పంటతో నైవేద్యం జరిపించే ఏర్పాటు ఎన్నో శాసనాల్లో కనిపిస్తుంది. వానలు తక్కువైన రాయలసీమలో భక్తి నీటి వసతిగా మారిన తీరు ఇది. మన ఊరి చెరువు కట్ట మీద నడిచేటప్పుడు దాని వెనుక ఇటువంటి శాసనం ఒకటి ఉండవచ్చునని ఊహించడం అసమంజసం కాదు.

శాసనాల కంటె ప్రాచీనమైన గ్రంథం ఈ కొండే. ఘాట్ రోడ్డు పక్కన కొండను తొలిచిన చోట రెండు రకాల శిలలు ఒకదానిపై ఒకటి స్పష్టంగా కనిపిస్తాయి. అడుగున ఉన్నవి అతి పురాతనమైన గ్రానైటు జాతి శిలలు. పైన ఉన్నవి ఇసుక పొరలు గట్టిపడి ఏర్పడిన క్వార్ట్‌జైట్ శిలలు. ఈ రెండింటికీ నడుమ కాల వ్యవధి కోట్ల సంవత్సరాలని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ పేర్కొన్నది. ఆ మధ్యకాలపు పుటలు ఇక్కడ లేవు. క్రింది శిలలు ఎండకు, వానకు అరిగిపోయిన తరువాతనే పైపొరలు పేరుకొన్నాయి. ఆ సంస్థ దీనిని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. తిరుమల ఆలయానికి సుమారు కిలోమీటరు దూరంలో, చక్రతీర్థం సమీపాన ఉన్న శిలాతోరణానికి కూడా అదే గౌరవం దక్కింది. దాదాపు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల ఆ తోరణాన్ని ఏ శిల్పీ చెక్కలేదు. గాలి, నీరు కలిసి చెక్కాయి.

ఇక జీవజాలం మాట. రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ అనే ఆంగ్లేయుడు పూర్వపు మద్రాసు రాష్ట్ర అటవీశాఖలో అధికారి. ఆయన 1870లో తిరుపతి కొండల నుంచి ఒక బల్లిజాతిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. అదే నేడు మనం చెప్పుకొనే బంగారు బల్లి. రాతి నెరియలలో, చల్లని చోట్ల దాగి రాత్రివేళ సంచరించే ఈ ప్రాణి చాలాకాలం శాస్త్రజ్ఞుల కంట పడలేదు. తిరిగి 1980 దశకంలో తూర్పు కనుమలలో దీనిని గుర్తించారు. బెడ్డోమ్ పేరుతోనే 1883లో శాస్త్రీయ నామం పొందిన 'సైకస్ బెడ్డోమీ' అనే మొక్క కూడా ఈ కొండలకే పరిమితమైనది. చూడడానికి చిన్న ఈతచెట్టులా ఉండే ఈ మొక్క వంశం పూలమొక్కలు పుట్టకముందే భూమిపై వెలసినది.

ఎర్రచందనం సంగతి అందరికీ తెలిసినదే. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప సహజంగా మరెక్కడా పెరగని వృక్షమిది. తిరుపతిలో యాత్రికులు కొని తీసుకుపోయే ఎర్రచందనపు బొమ్మల జంట ఎన్నో ఇళ్లలో పిల్లల ఆటవస్తువైంది. ఈ సంపదను కాపాడేందుకు 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు ఏర్పడింది. 2010లో శేషాచలం కొండలను జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. దాని విస్తీర్ణం సుమారు 4,756 చదరపు కిలోమీటర్లు.

అరుదైన ప్రాణులను మాత్రమే వెదకడం పరిశీలన కాదు. మెట్ల పక్కన చేతిలోని పండు లాక్కునే కోతి, చెట్టుకొమ్మల్లో తోక వేలాడదీసుకొని కూర్చునే కొండముచ్చు, మంటపం చూరులో గూడు కట్టిన గోరింక, రాత్రిపూట పెద్ద కళ్లతో నెమ్మదిగా కదిలే దేవాంగపిల్లి, ఇవన్నీ ఈ దారిలోని నివాసులే. రామచిలుకను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018లో రాష్ట్రపక్షిగా ప్రకటించింది. అంతకు పూర్వం ఆ గౌరవం పాలపిట్టది. రెండింటినీ మన ఊళ్లలోనే చూడవచ్చు. అవి ఏ నెలలో ఏ చెట్టు తొర్రలో గూడు పెడతాయో చెప్పగలవారు మనలో ఎందరు?

ఈ ప్రశ్న వినోదం కోసం అడిగినది కాదు. తెలియకపోవడం వల్ల కలిగే నష్టాన్ని ఈ కొండ కొన్నిసార్లు కఠినంగా బోధించింది. 2023 జూన్‌లో నడకదారిలో ఒక బాలునిపై చిరుత దాడి చేసింది. అతడు ప్రాణాలతో బయటపడ్డాడు. ఆగస్టులో ఆరేళ్ల బాలిక చిరుత బారిన పడి మరణించింది. ఆ తరువాత బోనులు అమర్చి పలు చిరుతలను పట్టుకొన్నారు. భక్తులకు ఊతకర్రలు ఇచ్చారు. పిల్లలను మధ్యాహ్నం దాటిన తరువాత నడకదారిలోకి అనుమతించకుండా నిబంధన విధించారు. జంతువులకు ఆహారం పెట్టరాదని ఆదేశించారు. ఈ చివరి ఆదేశంలోని కారణాన్ని విద్యార్థులు గ్రహించాలి. మనం జాలితో విసిరిన తిండికి కోతులు, కుక్కలు, జింకలు దారి పక్కకు చేరతాయి. వాటిని వేటాడే చిరుత వాటి వెంటనే వస్తుంది. ఒక్క ఆహారపు పొట్లం అడవి క్రమాన్ని మార్చగలదు. ఆ బాలిక మరణానికి చిరుతను నిందించి ఊరుకోవడం తేలిక. అడవిలో నుంచి పోయే దారి అడవిలో భాగమేనని గుర్తించడం కష్టం. కష్టమైన ఆ పనినే మనం చేయాలి.

ఎర్రచందనం కథ కూడా అటువంటిదే. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో జరిగిన పోలీసు కాల్పుల్లో తమిళనాడుకు చెందిన ఇరవై మంది మరణించారు. వారు చందనపు దుంగలు నరికే కూలీలని అధికారులు ప్రకటించగా, ఆ ఘటనపై తీవ్రమైన ఆరోపణలు, విచారణలు వచ్చాయి. ఎక్కడో దూరదేశపు విపణిలో పలికే ధర పేద కూలీని ఈ కొండకు రప్పించింది. ఒక చెట్టును గురించి తెలుసుకోవడమంటే దాని ఆకును, కాయను గుర్తించడం మాత్రమే కాదు. దాని చుట్టూ అల్లుకొన్న మనుషుల బతుకులను కూడా అర్థం చేసుకోవాలి. 2021 నవంబరు వానలకు దెబ్బతిన్న శ్రీవారి మెట్టు దారి 2022 మే నెలలో గాని తిరిగి తెరుచుకోలేదు. కొండ నిశ్చలం కాదని అది మనకు గుర్తుచేసింది.

అటువంటి పరిశీలనకు పెద్ద పరికరాలు అక్కర లేదు. ఒక నోటు పుస్తకం, ఒక కలం చాలు. ఒకే దారిని వేసవిలో, వానాకాలంలో, చలికాలంలో మూడుసార్లు నడవాలి. తేదీ, సమయం, చూసిన స్థలం రాసుకోవాలి. తెలియని చెట్టు కనిపిస్తే ఊరి పెద్దలను అడిగి, వారు చెప్పిన పేరును చెప్పినట్లే నమోదు చేయాలి. పుస్తకాల్లో లేని పేర్లు పశువుల కాపరుల నాలుక మీద ఉంటాయి. శాసనం కనిపిస్తే దాని మీద సున్నం గాని, నూనె గాని పూయరాదు. పగటి వెలుతురులో, పెద్దలతో కలిసి, అటవీశాఖ నియమాలను పాటిస్తూ నడవాలి. చూసినదాన్ని, విన్నదాన్ని, ఊహించినదాన్ని వేరువేరుగా రాయాలి. సంప్రదాయం చెప్పేది, శాసనం చెప్పేది ఒకటి కానప్పుడు రెండింటినీ గౌరవంగా పక్కపక్కన ఉంచడమే చరిత్రకారుని పద్ధతి.

తిరుమల వంటి ప్రసిద్ధ క్షేత్రంలోనే ఇంత సమాచారం ఉంటుందని భావించరాదు. ప్రతి ఊరికీ ఒక చెరువు, ఒక గుట్ట, ఒక పాత బాట ఉంటాయి. వాటిని గురించి రాసేవారు లేనప్పుడు ఆ తరం వారితోనే ఆ విషయాలు అంతరించిపోతాయి. మీ ఊరిని గురించి మొదటి పుట రాయవలసినవారు మీరే కావచ్చు.

కఠిన పదాలకు అర్థాలు

నెరియ = పగులు, బీట
ప్రశస్తి = పొగడ్త
వ్యవధి = ఎడం, మధ్యకాలం
విపణి = అంగడి, బజారు
ఊతకర్ర = ఆధారంగా పట్టుకొనే కర్ర
అసమంజసం = తగనిది
అంతరించు = నశించు

వ్యాకరణాంశాలు

శేషాచలం = శేష + అచలం (సవర్ణదీర్ఘ సంధి)
శిలాతోరణం = శిలతో ఏర్పడిన తోరణం (తృతీయా తత్పురుష సమాసం)
ఎర్రచందనం = ఎర్రనైన చందనం (విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం)
ఏడుకొండలు = ఏడు సంఖ్య గల కొండలు (ద్విగు సమాసం)

ప్రశ్నలు

అ) క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. స్థలనామాలు, శాసనాలు, శిలలు చరిత్రను ఏ విధంగా తెలుపుతాయో పాఠం ఆధారంగా వివరించండి.
2. పరిసరాలను గురించిన అజ్ఞానం వల్ల కలిగే నష్టాలను సోదాహరణంగా చర్చించండి.

ఆ) క్రింది ప్రశ్నలకు నాలుగైదు వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. అలిపిరి అనే పేరుకు గల వివరణ ఏమిటి?
2. దాతల ధనం నీటి వసతిగా మారిన తీరును తెలపండి.
3. జంతువులకు ఆహారం పెట్టరాదనడంలోని ఆంతర్యం ఏమిటి?

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. బంగారు బల్లిని 1870లో శాస్త్రలోకానికి పరిచయం చేసినది ఎవరు?
2. మొదటి ఘాట్ రోడ్డు ఏ సంవత్సరంలో ప్రారంభమైంది?
3. శేషాచలం జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ఎప్పుడు ఏర్పడింది?

ఈ) ప్రాజెక్టు పని
మీ ఇంటి నుంచి కళాశాల వరకు గల దారిలో కనిపించే పది చెట్ల పేర్లను, ఐదు పక్షుల పేర్లను, ఒక పాత కట్టడం వివరాలను సేకరించండి. వాటిని గురించి మీ ఇంటి పెద్దలు చెప్పిన విషయాలను జోడించి రెండు పుటల వ్యాసం రాయండి.