ఫ్యాక్టరీ ఇక్కడే, వాటా విదేశానిది

ప్రశ్న: మేం బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో ఉంటాం. నేను పనిచేసే ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఒక ఫ్రెంచ్ సంస్థకు 60 శాతం వాటా ఉంది. ఫ్యాక్టరీ, ఇంజినీర్లు అంతా బెంగళూరే. రక్షణ కొనుగోళ్లలో మాకు స్వదేశీ ప్రాధాన్యం దక్కుతుందా?

జవాబు: పూర్తిగా దక్కదండీ. రక్షణ రంగంలో ప్రభుత్వ ముందస్తు అనుమతి అక్కర్లేని ఆటోమేటిక్ మార్గంలో విదేశీ పెట్టుబడిని 2020లో 74 శాతం దాకా అనుమతించారు. కానీ అదే ఏడాది అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన రక్షణ కొనుగోలు విధానంలో, అన్నిటికన్నా ముందుండే 'బై ఇండియన్-ఐడీడీఎం' (స్వదేశంలోనే డిజైన్ చేసి, అభివృద్ధి చేసి, తయారుచేసినవి) తరగతికి ఆ వాటా 49 శాతం మించకూడదు. చాలామంది ఈ రెండు అంకెలనూ ఒకటిగా చూసి టెండరు దగ్గర దెబ్బతింటున్నారు. మీకు 'బై గ్లోబల్-మాన్యుఫ్యాక్చర్ ఇన్ ఇండియా' వంటి దారులున్నాయి.

అసలు చిక్కు స్వదేశీ విలువ లెక్కలో ఉంది. బెంగళూరు ఎస్పీ రోడ్డులోని ఎలక్ట్రానిక్స్ డీలరు దగ్గర రూపాయల్లో కొన్నా, విదేశంలో తయారైన చిప్ దిగుమతే. ఫ్రాన్స్‌కు కట్టే రాయల్టీ, లైసెన్సు రుసుమూ కాంట్రాక్టు ధరలోంచి తీసేస్తారు. కాబట్టి కింది సరఫరాదారుల నుంచీ ధ్రువపత్రాలు ఇప్పుడే తీసుకోండి.

విదేశీ విడిభాగం ఉంటే తలుపు మూసినట్టేనని మాత్రం అనుకోవద్దు. 2021లో మీ పొరుగునే ఉన్న విమానాల తయారీ సంస్థ హెచ్‌ఏఎల్‌కు 83 తేజస్ విమానాల ఆర్డరు వచ్చింది ఐడీడీఎం కిందే. ఇంజిను అమెరికాలోని జీఈది. డిజైను మనది కావడమే అక్కడ కీలకం. డిజైనుకు పెద్దపీట వేసే ఈ నియమం సరైనదేనని నా అభిప్రాయం. మీ ఇంజినీర్ల చేత ఇక్కడే కొత్త డిజైన్లు చేయించమని యాజమాన్యాన్ని గట్టిగా అడగండి.